మూడు మీటర్ల స్టాలులో జీడిపప్పును ఎలా చూపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పర్లాకిమిడి దగ్గర మీ నాన్నగారి జీడిపప్పు యూనిట్ ఉంది. జనవరిలో భువనేశ్వర్‌లో ఐదు రోజుల వర్తక ప్రదర్శనలో మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న స్టాలు తీసుకున్నారు, అద్దె కట్టేశారు. అలంకరణకు 60 వేలు పక్కన పెట్టారు. పెద్ద టీవీ అద్దెకు తెచ్చి ఫ్యాక్టరీ వీడియో ఆడించమని ఒకరు, మూడు గోడలూ బంగారు రంగు గిఫ్టు పెట్టెలతో నింపమని ఇంకొకరు సలహా ఇచ్చారు. వీటిలో ఏది మేలని అడిగారు.

రెండూ వద్దు. టీవీ ముందు నిలబడేది కాళ్ళు నొప్పి పుట్టినవాళ్ళు. గిఫ్టు పెట్టెల ముందు నిలబడేది ఫొటో తీసుకునేవాళ్ళు. మీకు కావలసినది నెలకు రెండు వందల కిలోలు కొనే మనిషి. అతను ఏం చూస్తే ఆగుతాడో అదే మీ స్టాలులో ఉండాలి.

నేను బరంపురంలో పచ్చళ్ళు, అప్పడాల వ్యాపారం చేస్తున్నాను. 2006 నుంచి ఏటా కనీసం రెండు ప్రదర్శనలకు వెళ్తున్నాను. పుట్టిల్లు పలాస వైపు, మేనమామలది జీడిపప్పు వ్యాపారం. జీడిపిక్కలను ఎనభై కిలోల బస్తా లెక్కన బేరమాడే మాటలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి మీ సరుకు గురించి కూడా రెండు మాటలు చెప్పగలను. తమ్ముడూ అని పిలుస్తాను, ఏమీ అనుకోకండి.

అన్నిటికన్నా ముందు, మీరు వెళ్తున్నది జాతర కాదని గుర్తుంచుకోండి. కటక్ బాలియాత్రలో, కొరాపుట్ పరబ్‌లో, భువనేశ్వర్ ఆదివాసీ మేళాలో జనం సంచీలు పట్టుకుని కొనడానికి వస్తారు. అక్కడ సరుకు కుప్ప పోసి, రుచి చూపించి, చేతికి పొట్లం ఇస్తే పని అయిపోతుంది. వర్తక ప్రదర్శనకు వచ్చే అసలు మనిషి అక్కడికక్కడ ఏమీ కొనడు. చూస్తాడు, రెండు ప్రశ్నలు వేస్తాడు, వెళ్ళిపోతాడు. బేరం తెగేది ఆ తరువాతి వారం ఫోనులో. రెండూ కలిసిన ప్రదర్శనలూ ఉన్నాయి. ఢిల్లీ ప్రగతి మైదానంలో ఏటా నవంబరు 14 నుంచి 27 వరకు జరిగే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో మొదటి కొన్ని రోజులు వ్యాపారులకు, ఆ తరువాత అందరికీ. అలాంటి చోట స్టాలును నడి మధ్యలో మార్చుకోవలసి వస్తుంది. మీ ఐదు రోజుల్లో వ్యాపారులకు కేటాయించిన గంటలు ఏవో నిర్వాహకులను ఇప్పుడే అడగండి. మీ మొత్తం ప్రణాళిక ఆ గంటల చుట్టూ తిరగాలి.

ఇక నెలకు రెండు వందల కిలోలు కొనే మనిషి ఎవరు? మిఠాయి దుకాణం యజమాని, వంట కాంట్రాక్టరు, డ్రైఫ్రూట్ టోకు వ్యాపారి, హోటలు కొనుగోళ్ళు చూసే ఉద్యోగి. వీళ్ళలో పెద్ద గుండ్లు, అంటే విరగని పప్పు, అడిగేది టోకు వ్యాపారి ఒక్కడే. కాజూ బర్ఫీ చేసేవాడు ఎలాగూ రుబ్బేస్తాడు, అతనికి ముక్కలు చాలు. పులావులోకి, ఉప్మాలోకి బద్దలు పోతాయి. అయినా ఏ జీడిపప్పు స్టాలు చూసినా ముందు వరుసలో పెద్ద గుండ్లే మెరుస్తుంటాయి, బద్దలు, ముక్కలు బల్ల కింద అట్టపెట్టెలో దాక్కుంటాయి. ఇంట్లో పెళ్ళికూతురిని తప్ప మిగతా పిల్లలను లోపలి గదిలోకి పంపినట్టు! మీ యూనిట్‌లో ఏటా చివరికి అమ్ముడుపోకుండా మిగిలేది ఏ రకమో నాన్నగారిని అడగండి. ముక్కలు అని చెబితే, మీ స్టాలులో ముఖ్యమైన చోటు ముక్కలది.

నా మొదటి ప్రదర్శన సంగతి చెబుతాను. ఇరవై రెండు రకాల పచ్చళ్ళు పట్టుకెళ్ళాను. వాళ్ళు ఇచ్చిన బల్లను నడవ వైపు అడ్డంగా వేసి, దాని మీద సీసాలు మూడు వరుసల ఎత్తు పేర్చి, వెనుక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బయటినుంచి చూస్తే నా నుదురు, బొట్టు మాత్రమే కనిపించేవట. రెండు రోజులు ఒక్క మనిషి నిలబడి మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఎదురు స్టాలులో ఇత్తడి సామాను పెట్టిన పెద్దాయన వచ్చి, "అమ్మా, మీరు టిక్కెట్ల కిటికీ పెట్టుకున్నారు, స్టాలు కాదు" అన్నారు. ఆయనే బల్లకు ఒక చివర పట్టుకుని పక్క గోడకు జరిపించారు. నడవకు, నాకు మధ్య ఖాళీ వచ్చింది. సీసాలు ఇరవై రెండులోంచి నాలుగుకు దింపించారు. ఆ మధ్యాహ్నమే ఒక హోటలు మనిషి లోపలికి అడుగుపెట్టి నిలబడ్డాడు. అప్పటినుంచి బల్లను నడవకు అడ్డంగా ఎప్పుడూ వేయలేదు.

కాబట్టి బల్ల ఎడమ గోడకో కుడి గోడకో ఆనించండి. ముందు భాగం తెరిచి ఉండాలి, కనీసం ఇద్దరు లోపలికి వచ్చి నిలబడగలగాలి. మూడు మీటర్లు అంటే కాగితం మీద ఎక్కువ అనిపిస్తుంది. పిక్కలు ఎండబెట్టే కళ్ళంలో ముగ్గుపిండితో మూడు మీటర్ల చతురస్రం గీసి, ఇంట్లో బల్ల, ఒక కుర్చీ, నాలుగు డబ్బాలు అందులో పెట్టి చూడండి. మీరు, మీ తమ్ముడు, ఒక కొనుగోలుదారుడు నిలబడితే మోచేతులు తగులుతాయో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. తరువాత పది అడుగులు వెనక్కి వెళ్ళి, నడుస్తూ పక్కకు చూడండి. నడిచే మనిషికి మీ స్టాలు మూడు నాలుగు సెకన్లు కనిపిస్తుంది. అంతలో అర్థమయ్యేది ఒక్క విషయమే.

ఆ ఒక్క విషయం మీకు ఏమిటో నేను చెబుతాను. తక్కెడ.

మీకు తెలిసినదే, డబ్ల్యూ 320 అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు తూగే గుండ్లు. డబ్ల్యూ 240 అయితే 220 నుంచి 240. ఈ సంగతి కొనేవాళ్ళలో చాలామందికి పేరుగా తెలుసు, లెక్కగా తెలియదు. 240 అని చెప్పి 320 కలిపి పంపే సరఫరాదారుల చేతిలో దెబ్బ తిన్నవాళ్ళే సగం మంది ఉంటారు. మీ స్టాలు నడిబొడ్డున నడుము ఎత్తు పీట మీద ఒక ఎలక్ట్రానిక్ తూకపు యంత్రం పెట్టండి. దాని పక్కన మూడు పళ్ళేల్లో మూడు రకాలు. వచ్చినవాడి చేతికి చిన్న గరిటె ఇచ్చి, "సార్, మీరే 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి" అనండి. 320 అయితే 66 నుంచి 70 గింజలు రావాలి. 240 అయితే 48 నుంచి 53. 180 అయితే 40 దాటకూడదు. ఈ అంకెలు పెద్ద అక్షరాలతో వెనుక గోడ మీద రాయించండి. మనిషి వంగి ఒక్కొక్క గింజా జరుపుతూ లెక్కపెడుతుంటే వెనుక ఇంకో ఇద్దరు ఆగి చూస్తారు. టీవీ చేయలేని పని అది. లెక్కపెట్టేంతసేపు అతను మీ స్టాలులోనే ఉంటాడు, మీరు నెమ్మదిగా ఎక్కడినుంచి వచ్చారని అడగవచ్చు. యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఆ ఏడాదిది ఉండేలా చూసుకోండి. అసలు ప్రదర్శనే నిజాయతీ తూకం మీద నడుస్తున్నప్పుడు ముద్ర పాతదైతే ఎంత నవ్వులపాటో ఊహించండి.

మిఠాయివాళ్ళకు తక్కెడ పనిచేయదు, వాళ్ళు లెక్కపెట్టరు. వాళ్ళకోసం పక్క గోడ బల్ల మీద బద్దలు, పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు, నూక విడివిడిగా పెట్టి, ఒక్కోదాని ముందు అది దేనికి పనికొస్తుందో ఒక్క మాట రాయండి. బర్ఫీకి, గ్రేవీకి, లడ్డూకి. రకం పేరు చిన్నగా, వాడుక పెద్దగా. మిఠాయి దుకాణదారుడికి మీ గ్రేడుతో పని లేదు, తన బర్ఫీతోనే పని.

వెలుతురు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే జీడిపప్పు విషయంలో ఇది చాలామంది దెబ్బతినే చోటు. నిర్వాహకులు సాధారణంగా రెండు మూడు స్పాట్ లైట్లు ఇస్తారు. వాటిలో చాలావరకు పసుపు కాంతివి. నా ఆవకాయకు ఆ కాంతి వరం, ఎర్రగా నిగనిగలాడుతుంది. మీ తెల్ల గుండ్లు మాత్రం ఆ కాంతిలో కమిలిన రకంలా కనిపిస్తాయి. కమిలిన గుండ్ల ధర తక్కువని కొనేవాడికి తెలుసు, నోరు విప్పకుండా ముందుకు వెళ్ళిపోతాడు. మీరేమో ఎందుకు ఆగలేదా అని ఆలోచిస్తూ కూర్చుంటారు. తెల్లని కాంతినిచ్చే దీపాలు రెండు మీరే పట్టుకెళ్ళండి, పళ్ళేల మీద సూటిగా పడేలా బిగించండి. మరీ నీలి తెలుపు వద్దు, సున్నం వేసినట్టు కనిపిస్తాయి. పగటి వెలుతురుకు దగ్గరగా ఉండాలి. పళ్ళెం కింద ముదురు నీలం గుడ్డ పరవండి. స్టీలు పళ్ళెం మెరిసి కళ్ళకు కొడుతుంది, తెల్ల పింగాణీలో తెల్ల పప్పు కలిసిపోతుంది. మట్టి మూకుళ్ళు నాకు బాగా నచ్చాయి, కానీ లోపల మైనపు కాగితం వేయకపోతే ధూళి అంటుకుంటుంది.

తేమ ఇంకో సంగతి. పప్పులో తేమ 5 శాతం లోపు ఉండాలని మీకు నేను చెప్పనక్కరలేదు. తెరిచిన పళ్ళెంలో జనం ఊపిరి, మధ్యాహ్నపు ఉక్క కలిసి సాయంత్రానికి గింజ మెత్తబడుతుంది. నోట్లో వేసుకున్నవాడికి కరకర వినిపించదు. మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పళ్ళేలు మార్చండి. మార్చిన పప్పును తిరిగి అమ్మకపు డబ్బాలో కలపకండి. ఇంకో చిన్న విషయం: నాలాంటి పచ్చళ్ళవాళ్ళ పక్క స్టాలు రాకుండా అడిగి చూడండి. ఇంగువ వాసన జీడిపప్పుకు పట్టిందంటే ఇక వదలదు.

రుచి చూడడానికి ఉప్పుకారం పప్పు పెట్టకండి. అది పెడితే జనం వస్తారు, గుప్పెడు తీసుకుని వెళ్తారు. పచ్చి పప్పు చాలు. నిజంగా ఆసక్తి చూపినవాళ్ళకు మాత్రం 50 గ్రాముల పొట్లం ఇవ్వండి. దాని మీద రకం, ఎప్పుడు తయారైనది, మీ ఫోను నంబరు ఉండాలి. ఆ పొట్లం అతని దుకాణంలో గల్లాపెట్టె పక్కన వారం రోజులు ఉంటుంది. మీ అందమైన కరపత్రం ఆ సాయంత్రమే చెత్తబుట్టలో పడుతుంది. పొట్లం మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రతా సంస్థ, ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు తప్పనిసరి. అమ్మకానికి పెట్టే ప్యాకెట్లయితే నికర తూకం, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, చిరునామా, ఫిర్యాదులకు నంబరు అన్నీ ఉండాలి. స్టాలు తిరిగే అధికారులు మొదట చూసేది ఇవే.

పేరు పలక దగ్గర నా తిప్పలు వింటే మీరు జాగ్రత్తపడతారు. స్టాలు నుదుటి మీద రాసే పేరుకోసం నిర్వాహకులు ఒక ఫారం పంపుతారు. ఒక ఏడాది నేను అది గడువులోగా పంపలేదు. వాళ్ళు చెక్కు మీద ఉన్న పేరు తీసి రాసేశారు. అది మావారి పేరు. ఐదు రోజులు వచ్చినవాళ్ళందరూ నన్ను ఆయన పేరుతోనే పలకరించారు. మీ యూనిట్ పేరులో అమ్మవారి పేరు ఉందన్నారు. అది మీకు శుభం, నడవలో పోయేవాడికి మాత్రం మీరు అగరుబత్తులు అమ్ముతున్నారో జీడిపప్పు అమ్ముతున్నారో తెలియదు. ఫారంలో పేరు పక్కన "జీడిపప్పు తయారీదారులు, పర్లాకిమిడి" అని కూడా రాయండి. తయారీదారులు అన్న మాట ముఖ్యం. దళారి కాదని దూరంనుంచే తెలుస్తుంది.

భాష విషయం మన సరిహద్దు జిల్లాలవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బ్యాంకులో హిందీ అలవాటైపోయి, గోడ మీద మూడూ నాలుగూ రాయించాలని మనకు అనిపిస్తుంది. భువనేశ్వర్ ప్రదర్శనలో ఒడియా, ఇంగ్లీషు చాలు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు తెలుగు, ఇంగ్లీషు. ఒడియా అక్షరాలను మాత్రం ఆ భాష చదవగలిగిన చోటే అచ్చు వేయించండి. ఒకసారి ఖర్చు తగ్గుతుందని సరిహద్దు అవతల ఒక ఊళ్ళో ఫ్లెక్సీ వేయించాను. కంప్యూటర్‌లో ఫాంటు సరిపోక ఒత్తులన్నీ ఊడిపోయి, అక్షరాల పక్కన విడివిడిగా పడ్డాయి. అచ్చు వేసినవాడికి ఒడియా రాదు, నేను రాత్రి పదింటికి విప్పి చూశాను. బరంపురం అప్పడాలు అన్నది ఎలా చదవాలో కళింగ రాజులకు కూడా తెలిసి ఉండదు. ఇప్పుడు ఒడియా చదివే మనిషికి ముందు ఫోనులో చూపించి, అక్షరాలను బొమ్మగా మార్పించి, అప్పుడు పంపుతాను.

గోడల సంగతి క్లుప్తంగా. వాళ్ళిచ్చే పలకలు ఒక్కోటి సుమారు మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉంటాయి. మేకులు కొట్టనివ్వరు, కొడితే జరిమానా. రెండు వైపులా అంటుకునే టేపు, కొక్కేలు పట్టుకెళ్ళండి. అక్షరాలు కంటి ఎత్తుకు పైన ఉండాలి. నడుము కింద రాసినది జనం మోకాళ్ళు చదువుతాయి. విద్యుత్తు కోసం ఇచ్చే ప్లగ్గు ఐదు ఆంపియర్లది. దాని మీద ఇండక్షన్ స్టవ్ పెట్టి పప్పు వేయించాలని చూడకండి, మీ వరుసంతా చీకటైతే పక్కవాళ్ళు ఊరుకోరు. మూల స్టాలు దొరికితే రెండు వైపులా తెరిచి ఉంటుంది, అద్దె ఎక్కువైనా నేను తీసుకుంటాను.

కాగితాల పని: ఒడిశాలోనే కాబట్టి మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే సరుకును డెలివరీ చలానా మీద తీసుకెళ్ళి, అమ్మిన దానికి అక్కడే బిల్లు ఇవ్వవచ్చు. విశాఖకో హైదరాబాదుకో వెళ్ళి స్టాలులో అమ్మాలంటే మాత్రం ఆ రాష్ట్రంలో క్యాజువల్ టాక్సబుల్ పర్సన్‌గా, అంటే తాత్కాలికంగా వచ్చి అమ్మే వ్యాపారిగా, జీఎస్టీలో నమోదు కావాలి. ప్రదర్శనకు కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు చేయాలి, పన్ను అంచనా ముందే కట్టాలి, నమోదు 90 రోజులు చెల్లుతుంది. చివరి నిమిషంలో అయ్యే పని కాదు. ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందా? అది ఉచితం. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ప్రదర్శన స్టాలు అద్దెలో కొంత తిరిగి ఇచ్చే కేంద్ర పథకం ఉంది, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు వాటా ఎక్కువ. యూనిట్ మీ అమ్మగారి పేరున ఉంటే తప్పక కనుక్కోండి. అయితే ఏ ప్రదర్శనలకు వర్తిస్తుందో ముందే అడగాలి, వెళ్ళివచ్చాక అడిగితే లాభం ఉండదు.

60 వేలలో నేనైతే అచ్చు పనికి, గోడలకు పదిహేను వేలు దాటనివ్వను. దీపాలు, పీట, గుడ్డలు, పళ్ళేలకు ఎనిమిది వేలు. నమూనా పొట్లాలకు పన్నెండు వేలు, ఇది తగ్గించవద్దు. మిగతాది ఇద్దరు మనుషుల ప్రయాణం, బస, భోజనం. ఇద్దరు అని ఎందుకంటున్నానంటే, ఒక్కరు ఐదు రోజులు నిలబడలేరు, మూడో రోజు మధ్యాహ్నానికి కుర్చీలో కూలబడి ఫోను చూస్తుంటారు. ఫోను చూస్తున్న మనిషిని ఎవరూ పలకరించరు. కుర్చీలు ఒకటే ఉంచండి, అదీ వచ్చినవాళ్ళకోసం. ఇద్దరిలో ఒకరికి ఒడియా ధారాళంగా రావాలి, ఒకరికి ధర మాట్లాడే అధికారం ఉండాలి. "నాన్నగారిని అడిగి చెబుతాను" అన్న మాట స్టాలులో వినిపించకూడదు.

ధరల పట్టిక గోడ మీద పెట్టకండి. పక్క స్టాలువాడు చూస్తాడు, పైగా ఐదు కిలోలు కొనేవాడికి, ఐదు వందల కిలోలు కొనేవాడికి ఒకే అంకె కనిపిస్తుంది. జేబులో అచ్చు కాగితం ఉంచుకుని, నోటుపుస్తకంలో వివరాలు రాసుకున్నాక చేతికివ్వండి.

ఆ నోటుపుస్తకం గురించి: విజిటింగ్ కార్డులు గిన్నెలో వేయించుకుంటే ఇంటికొచ్చాక ఎవరు ఏం అడిగారో ఒక్కటీ గుర్తుండదు. గీతలు గీసిన పుస్తకం పెట్టుకుని, ఊరు, దుకాణం, ఏ రకం వాడతారు, నెలకు ఎన్ని కిలోలు, ఇప్పుడు ఎన్ని రోజుల అరువు మీద కొంటున్నారు, మీరు ఏం పంపుతానని మాట ఇచ్చారు అనే ఆరు గడులు నింపండి. అరువు గడి మరిచిపోవద్దు. ధర నచ్చినా అరువు దగ్గర ఆగిపోయే బేరాలే ఎక్కువ. ఆ రాత్రే బసలో పుస్తకం తెరిచి, పనికొచ్చే పేర్ల పక్కన ఒక గుర్తు పెట్టండి. తిరిగి వచ్చిన మూడు రోజుల్లోగా ఆ గుర్తున్నవాళ్ళందరికీ ఫోను వెళ్ళాలి. పదో రోజు చేస్తే "ఏ జీడిపప్పు?" అంటారు.

చివరి రోజు మధ్యాహ్నం అందరూ పెట్టెలు సర్దడం మొదలుపెడతారు. మీరు సర్దకండి. నా అన్నిటికన్నా పెద్ద ఖాతాదారు, జయపురంలో టోకు వ్యాపారి, చివరి రోజు సాయంత్రం ఐదున్నరకు వచ్చాడు. ఐదు రోజులూ పనివాళ్ళను పంపి ధరలు రాయించుకుని, ఆఖరున తను వచ్చాడట. ఆ వరుసలో దీపం వెలుగుతున్నది నా స్టాలు ఒక్కటే.

ముగ్గు గీసి చూశాక కొలతలతో బొమ్మ వేసి చూపించండి. మీ స్టాలుకు ఎన్ని వైపులు తెరిచి ఉన్నాయో, స్తంభం ఏదైనా అడ్డు వస్తుందో కూడా అందులో గుర్తు పెడితే బల్ల ఏ గోడకు వేయాలో చెబుతాను.